స్కానింగ్ పుట్టిల్లు కార్ఖానాయే

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఓవర్‌హాలింగ్‌కు వచ్చిన రైలు పెట్టెల చక్రాలు విడదీశాక ఇరుసులకు పరీక్ష ఉంటుంది. ఇరుసు కొస శుభ్రంగా తుడిచి, నూనె రాసి, చిన్న ప్రోబ్ ఆనించి, తెర మీద గీత ఎక్కడ లేస్తోందో చూస్తారు. ఆసుపత్రిలో గర్భిణి పొట్ట మీద జెల్ రాసి చేసేదీ ఇదే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికొచ్చి, తరాలుగా ఈ ఊళ్లోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రెండు పరీక్షలూ బాగా ఎరుకే. ఆ రెండు యంత్రాలూ అక్కచెల్లెళ్లని మాత్రం చాలామందికి తెలియదు. పైగా అక్క ఇరుసును చూసేదే.

ఇనుమును చెవితో పరీక్షించడం రైల్వేకు పాత అలవాటే. బండి ఆగగానే ఒక మనిషి సుత్తితో చక్రాలను కొడుతూ పోయేవాడు. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే అనుమానం. కానీ సుత్తి దెబ్బకు లోపలి సన్నటి పగులు దొరకదు. దాన్ని పట్టాలంటే మన చెవికి అందనంత హెచ్చు శ్రుతి ధ్వని కావాలి.

దానికి దారి చూపింది 1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు. క్వార్ట్జ్ వంటి స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుందని మరుసటి ఏడాది తేలింది. అంటే ఒకే స్ఫటికం అరవగలదు, వినగలదు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్ లాంజెవాన్ దీనితో సముద్రంలో జలాంతర్గాములను వెతికాడు. సొవియట్ శాస్త్రవేత్త సొకొలోవ్ 1920ల చివర్లో లోహాల్లో లోపాలను పట్టవచ్చన్నాడు. ధ్వనిని తునకలుగా పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని అదే కొస నుంచి వినే పరికరానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ 1940లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

ఇదంతా ఇనుము గొడవే. ఒంటి దాకా తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఇయాన్ డొనాల్డ్. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, తర్వాత గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడైనవాడు. 1955లో ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారులో వేసుకుని, రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కార్ఖానాకు పట్టుకెళ్లాడు. పోల్చి చూడటానికి అక్కడివాళ్లు ఒక మాంసం ముక్క కూడా సిద్ధం చేసి ఉంచారు. బాయిలర్లలో పగుళ్లు వెతికే యంత్రం కిందే వాటన్నిటినీ పెట్టారు. నీటితిత్తి మధ్యలో ప్రతిధ్వని లేదు, గట్టి గడ్డలో ఉంది. కోయకుండానే తేడా తెలిసిపోయింది! టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఆయనకు యంత్రం రూపొందించాడు. ఆ ఇద్దరూ, జాన్ మెక్‌వికర్ అనే డాక్టరూ కలిసి 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వైద్యుడు కార్ఖానా గడప తొక్కకపోతే ఇదంతా ఎన్నాళ్లు ఆలస్యమయ్యేదో.

ఇక పనితీరు. మెత్తటి కండలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది, ఉక్కులో సుమారు 5900. పది సెంటీమీటర్ల లోతుకు వెళ్లి రావడానికి ఒంట్లో సెకనులో పదిలక్షో వంతులు 130 పడతాయి. యంత్రం లెక్కించేది ఈ వ్యవధినే. వ్యవధి దూరం చెబుతుంది, ప్రతిధ్వని బలం అక్కడి పదార్థం ఎంత మారిందో చెబుతుంది. ఘనపదార్థం నుంచి గాలిలోకి దాటలేక ధ్వని దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది. పట్టా లోపలి పగులులో చేరిన గాలి వల్లే అది తెర మీద స్పష్టంగా బయటపడుతుంది. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య రవ్వంత గాలి మిగిలినా బొమ్మ రాకపోవడానికీ అదే కారణం. జెల్ అందుకే. పట్టాల మీద చేతిబండి తోసుకుంటూ నడిచే సిబ్బంది ప్రోబ్‌ల కిందికి నీళ్లు వదులుతూ పోయేదీ అందుకే. గాలి నిండిన ఊపిరితిత్తుల వెనక ఏముందో ఈ యంత్రం సరిగ్గా చూపలేకపోవడమూ ఆ గుణం వల్లే.

ప్రాణం కాపాడటానికి వచ్చిన ఈ యంత్రాన్ని మన దేశంలో ఆడపిల్లల ప్రాణం తీయడానికీ వాడారు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం చేయాల్సి వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించాల్సి వచ్చింది.

డాక్టరూ ఇంజనీరూ ఒకచోట కూర్చోవడం ఖరగ్‌పూర్‌లో ఇప్పుడు చదువులో భాగం. హిజ్లీ జైలు భవనంలో 1951లో మొదలైన ఐఐటీలో వైద్యశాస్త్ర సాంకేతిక విభాగం 2001లో ఏర్పడింది. ఎంబీబీఎస్ చదివినవాళ్లు అక్కడ యంత్రాల చదువు చదువుతారు. కార్ఖానా నుంచి ఆసుపత్రి తెచ్చుకున్న అప్పు ఒకవైపే మిగిలిపోలేదు. చిన్న స్ఫటికాలను వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని రవ్వంత తేడాతో మోగించి, ప్రోబ్ కదపకుండానే ధ్వనిని అటూ ఇటూ తిప్పే పద్ధతి మొదట గుండె, మెదడు పరీక్షల కోసం ఆసుపత్రుల్లో ఎదిగింది. వెల్డింగుల్లో, ఇరుసుల్లో పగుళ్లు వెతకడానికి కార్ఖానాలు దాన్ని తర్వాతే తెచ్చుకున్నాయి.