మంచినీళ్ల బావి: నమ్మకం నుంచి పరీక్ష దాకా

మన ఊళ్లలో బావినీటికి తొలి పరీక్ష నాలుకే. రుచిగా ఉంటే మంచినీళ్ల బావి, లేకుంటే ఉప్పునీళ్ల బావి. కందిపప్పు ఉడకకపోతే ఆ నీళ్లు పనికిరావనేవారు. బురద నీళ్లను ఇండుపగింజతో తేర్చుకునేవారు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు కూడా బృహత్సంహితలో భూగర్భజలాల జాడలు చెబుతూ, కలకబారిన, ఉప్పనైన బావినీటికి ఉసిరిక, ఇండుపగింజ కలిపిన చూర్ణం సూచించాడు. ఈ పద్ధతులు మూఢనమ్మకాలు కావు. పప్పు ఉడకని నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువే. అయితే నాలుకకు, కంటికి, ముక్కుకు అందని దోషం ఈ పరీక్షలకు చిక్కదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరాకు కారణమైన పంపును వైద్యుడు జాన్ స్నో గుర్తించింది ప్రధానంగా మృతుల ఇళ్ల ఆధారంగానే. సూక్ష్మజీవశాస్త్రం ఎదిగాక క్రిములే ప్రధాన శత్రువులయ్యాయి. లోతు నుంచి వచ్చే నీళ్లు క్షేమమన్న భావన బలపడింది.

ఆ భావన మేలు చేసింది. దిగుడుబావులు వదిలి చేతిపంపులకు మళ్లడం నారికురుపు నిర్మూలనకు తోడ్పడింది. 2000లో భారతదేశం ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. కానీ క్రిములు లేనంత మాత్రాన నీళ్లు మంచివైపోవు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి నాటి నెల్లూరు జిల్లాలో ఉందని షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లోనే వెల్లడించింది. నల్గొండలోనూ గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా ఉన్న క్షారజలంలో అది మరింత పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తాగే నీళ్లలో రుచికీ తెలియదు. బంగ్లాదేశ్‌లో అతిసారం నుంచి కాపాడాలని వేసిన గొట్టపుబావుల్లో ఆర్సెనిక్ ఉందని 1993లో గానీ తేలలేదు. ఒక ప్రమాదం కోసం కుదుర్చుకున్న పరీక్ష మరో ప్రమాదాన్ని పట్టించుకోదన్నదే చరిత్ర నేర్పిన పాఠం.

నది నీళ్లు కుళాయికి వస్తుంటే బావులకు పరీక్షలెందుకని కొందరంటారు. సరఫరా ఆగిన రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే వెళ్తారు; పొలంలో కూలీల దాహం తీర్చేదీ తరచుగా అదే. పరీక్ష నీటిని శుద్ధి చేయదన్నది మరో ఆక్షేపణ. నిజమే, కానీ పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ వేరుగా ఉండవచ్చు; ఏది తాగాలో పరీక్షే చెబుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతిలోనూ నీటి ఫ్లోరైడ్, క్షారత తెలియకుండా పటిక మోతాదు నిర్ణయించలేం. నమూనా సేకరణలోనూ శ్రద్ధ కావాలి. పంపులో నిలిచిన నీళ్లు పోనిచ్చి, ఫ్లోరైడ్ కోసమైతే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో తొలిచి పట్టాలి. క్రిముల కోసమైతే స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకూడదు. వేరే దిక్కు లేనప్పుడే 1.5 వరకు అనుమతి. పరీక్షలో తేలిన అంకె ల్యాబ్ రిజిస్టరులోనే ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే ప్రతి బోరునూ వానలకు ముందూ తర్వాతా పరీక్షించి, ఫలితాన్ని తేదీతో సహా పంపు పక్కనే రాయాలి.