మార్ఫియా: బొరీలియా బాక్టీరియాతో సంబంధం

మార్ఫియా అంటే శరీరంలో ఒకచోట చర్మం మచ్చలాగానో పట్టీలాగానో గట్టిపడే వ్యాధి. దీన్ని లోకలైజ్డ్ స్క్లెరోడెర్మా అని కూడా అంటారు. మొదట ఎరుపు, ఊదా కలిసిన మచ్చ పడుతుంది. క్రమంగా దాని నడిమి భాగం పాలిపోయి, మైనం పూసినట్టు నున్నగా బిగుసుకుంటుంది. చర్మంలో కొల్లాజెన్ మితిమీరి పేరుకోవడమే ఈ గట్టిదనానికి మూలం. ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీసే సిస్టమిక్ స్క్లెరోసిస్ వేరు. మార్ఫియా అలా లోపలి అవయవాలను కబళించదు. స్త్రీలలో ఎక్కువ. పిల్లలలో పట్టీలా సాగే రకం తరచుగా వస్తుంది.

ఈ వ్యాధి ఎందుకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు. పిడుదు కాటుతో సోకే బొరీలియా బాక్టీరియా దీనికి కారణమా అన్న ప్రశ్న మాత్రం నాలుగు దశాబ్దాలుగా నలుగుతోంది.

అనుమానం ఎక్కడ మొదలైంది

విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం లైమ్ వ్యాధికి కారణమైన, మరమేకు ఆకారంలో ఉండే ఈ బొరీలియా బాక్టీరియాను పిడుదుల్లో గుర్తించి 1982లో ప్రకటించింది. మూడేళ్లకే, 1985లో, వియన్నాకు చెందిన ఎలిజబెత్ అబెరర్, ఆమె సహచరులు మార్ఫియా కూడా బొరీలియా వల్లే వస్తుందేమోనని లాన్సెట్ పత్రికలో ప్రశ్నించారు. అది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. మధ్య ఐరోపాలో బొరీలియా సోకిన కొందరికి, ముఖ్యంగా వృద్ధులకు, ఏళ్లు గడిచాక చేతులు, కాళ్ల మీది చర్మం నీలిరంగు తిరిగి, కాగితంలా పలచబడుతుంది. దీన్ని ఆక్రోడెర్మటైటిస్ క్రానికా అట్రోఫికాన్స్ అంటారు. ఆ రోగుల్లో కొందరి ఒంటి మీద అచ్చం మార్ఫియాను పోలిన గట్టి మచ్చలూ కనిపిస్తాయి. ఈ బాక్టీరియాకు చర్మంలోని కొల్లాజెన్‌ను అంటిపెట్టుకుని ఉండే డెకోరిన్ అనే పదార్థాన్ని పట్టుకోగల ప్రోటీన్లు కూడా ఉన్నాయి. అనుమానించడానికి ఇవి తగిన కారణాలే.

పరీక్షలు చెప్పినవి

తరువాత వచ్చిన ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. 1997లో వెలువడిన ఒక పీసీఆర్ (డీఎన్ఏను గుర్తించే పరీక్ష) అధ్యయనంలో జర్మనీ, జపాన్ రోగుల్లో కొందరి చర్మంలో బొరీలియా డీఎన్ఏ దొరికింది, అమెరికా రోగుల్లో దొరకలేదు. ఈ తేడాకు బాక్టీరియా జాతులే కారణమని కొందరు వాదించారు. ఐరోపా, ఆసియాల్లో బొరీలియా అఫ్జెలీ, గరినీ జాతులు తిరుగుతుంటే, అమెరికాలో ప్రధానంగా బర్గ్‌డార్ఫెరీ జాతి ఉంటుంది. ఆలోచించదగ్గ వాదనే. కానీ ఐరోపాలోనే జరిగిన మరికొన్ని పీసీఆర్ పరిశీలనల్లో ఏమీ దొరకలేదు. 2000లో జర్మన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ సమీక్షించి, మార్ఫియాకు బొరీలియా కారణమని నిరూపించే ఆధారం లేదని తేల్చారు.

2007లో ఇన్స్‌బ్రూక్ బృందం మళ్లీ చర్చను రగిలించింది. యాంటీబాడీల సాయంతో రంగు వేసిన చర్మపు ముక్కలను వేర్వేరు లోతుల్లో ఓపికగా గాలించే ఫోకస్ ఫ్లోటింగ్ మైక్రోస్కోపీతో చూసి, మార్ఫియా నమూనాల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో బొరీలియా కనిపించిందని ప్రకటించింది. పీసీఆర్ పట్టలేనిది ఇంత విరివిగా కంటికి కనిపించడమే ఇక్కడ సందేహాస్పదం. రంగు వేయడానికి వాడే యాంటీబాడీలు వేరే పదార్థాలకు అంటుకునే వీలుంది. ఇతర ప్రయోగశాలలు ఈ స్థాయి ఫలితాన్ని విస్తృతంగా ధ్రువీకరించలేదు. 2009లో మ్యూనిక్ బృందం చిన్న వయసులో మొదలయ్యే మార్ఫియాలో ఒక వర్గానికి మాత్రమే బొరీలియాతో ముడి ఉండవచ్చని సూచించింది.

రక్తపరీక్షల మాట ఇంకా బలహీనం. పిడుదులున్న అడవుల్లో తిరిగే ఎందరికో ఏ జబ్బూ లేకుండానే బొరీలియా యాంటీబాడీలు ఉంటాయి. అవి పాత ఇన్ఫెక్షన్‌కు గుర్తు తప్ప, మచ్చకు కారణం చూపేవి కావు. యాంటీబయాటిక్స్ వాడాక మచ్చ మెత్తబడిందన్న నివేదికలూ సరిపోవు. చిన్న మచ్చల రూపంలో వచ్చే మార్ఫియా కొన్నేళ్లకు తానంతట తానే నెమ్మదించే వ్యాధి.

భారతదేశంలో

లైమ్ వ్యాధి మన దేశంలో అరుదు. తెలుగు రాష్ట్రాల్లో తరచూ వినిపించే స్క్రబ్ టైఫస్ వేరే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దాన్ని మోసుకొచ్చేది కూడా పిడుదు కాదు. అయినా మార్ఫియా ఇక్కడి చర్మవైద్యులకు తెలిసిన వ్యాధే. బొరీలియా అరుదైన చోట కూడా మార్ఫియా వస్తోందంటే, అది ఈ వ్యాధికి తప్పనిసరి కారణం కాదు. ఐరోపాలోని కొన్ని ప్రాంతాల్లో కొందరు రోగుల్లో దానికి పాత్ర ఉందేమోనన్న అవకాశాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం.

చికిత్స

చిన్న మచ్చలకు స్టెరాయిడ్, కాల్సిపోట్రియోల్ పూతలు, విస్తరించిన వాటికి అతినీలలోహిత కాంతి చికిత్స, లోతుగా దిగిన లేదా పట్టీ రకానికి స్టెరాయిడ్లతో మెథోట్రెక్సేట్ వాడతారు. నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇవ్వడానికి ఆధారం లేదు. కీళ్ల మీదుగా పట్టీ సాగితే ఎదిగే పిల్లల చేయి, కాలు పొట్టిగా, వంకరగా మిగిలిపోవచ్చు. ముఖం మీద వస్తే కంటికి, మెదడుకూ ప్రమాదం ఉంటుంది. అందుకే పిల్లల ఒంటి మీద ఇలాంటి పట్టీ కనిపిస్తే పిడుదు కోసం వెతుకుతూ కాలం పోగొట్టుకోకుండా, వెంటనే చర్మవైద్యులకు చూపించాలి.