మన యిండ్లలో ప్రేమనవల

తెలుగు నవల పుట్టి నూట నలువది సంవత్సరములు దాటినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడినది. నవలాచరిత్ర వ్రాయు పండితులు ప్రేమనవల దగ్గరకు వచ్చునప్పటికి రెండు మాటలు పలికి, పెదవి విరిచి దాటిపోవుట పరిపాటి. మేమును చిరకాలము అట్లే తలచితిమి. ఇప్పుడు మా యభిప్రాయమును సవరించుకొనవలసి వచ్చినది. అందులకు కారణము సాహిత్యమునందే కాక మా యింటియందును కలదు.

ముందు సాహిత్యమును గూర్చి చెప్పుదుము. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన నవలా బహుమతిని విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలకును, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును పంచి యిచ్చినది. నారాయణరావు నవలలో నాయిక శారద జమీందారు పుత్రిక. నాయకుడు కలిగినవాడే యైనను జమీందారు కాడు. పెండ్లి ముందు జరుగును, అనురాగము తరువాత మొలచును. ఆమె గర్వము కరిగి భర్త మనస్సును గ్రహించుటయే ఆ కథకు ప్రాణము. పిమ్మట చక్రపాణిగారి యనువాదముల మూలమున వంగదేశపు శరత్ బాబు మన యిండ్లలో ప్రవేశించెను. మనసులోని మాట వేళకు చెప్పజాలక తన్ను తాను నాశనము చేసికొను దేవదాసు 1953లో తెలుగు చలనచిత్రమై ఊరూర కన్నీరు పెట్టించెను.

1960 దశకమున కలము స్త్రీల చేతికి వచ్చినది. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా నడచినది. కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణము ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో ప్రథమ బహుమతి నంది, 1964లో డాక్టర్ చక్రవర్తి చిత్రమైనది. ఆమెదే ప్రేమనగర్ నవల. ఈ నవలలు ప్రబలిన కొలది ఒక మూస యేర్పడినది. నాయకుడు ఆజానుబాహుడు, ధనవంతుడు, కోపిష్ఠి. మేడయు కారును కలవాడు. నాయిక పేదయింటి పిల్ల, అభిమానవతి. నడుమ నొక అపార్థము, తుదకు పశ్చాత్తాపము, పెండ్లి. ఇవి పగటికల లని విమర్శకులు నవ్విరి.

ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. ఒక్క మాట విప్పి చెప్పిన తీరిపోవు అపార్థమును మూడువందల పుటలు సాగదీయుట మాకును విసుగు కలిగించినది. పురుషుని పొగరును ప్రేమగా భ్రమింపజేయుట అంతకంటె పెద్ద దోషము. పెండ్లితో కథ ముగియదని, అసలు కష్ట మప్పుడే మొదలగునని తెలిసికొనుటకు రంగనాయకమ్మగారి బలిపీఠము చదువవలెను.

అయినను విమర్శకులు చూడని దొకటి కలదు. బాపిరాజుగారి కథలో కరగినది స్త్రీ గర్వము. ఈ రచయిత్రుల కథలలో కరగవలసినది పురుషుని గర్వము. సెక్రటరీలోని జయంతియు, ప్రేమనగర్‌లోని లతయు జీతమునకు కుదిరిన పిల్లలు. తమ కష్టార్జితముతో బ్రతుకువారు. తమకు గౌరవము దక్కనిచో ఎంతటి మేడనైనను విడిచిపోగలవారు. ఆడపిల్లలు అప్పుడప్పుడే కార్యాలయముల మెట్లెక్కుచున్న కాలమున ఇది పగటికల మాత్రమే కాదు, ధైర్యము కూడను.

ఇక మా యింటి మాట. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మా బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. మేమును మా చెల్లెలును బడిలో చదివినది కన్నడమే. మాకు ఓనమాలు దిద్దించినది మా అమ్మగారు. 1970 దశకమున ఆమె వారపత్రికలలోని సీరియలు పుటలు చింపి, వరుసగా పేర్చి, సూదిదారముతో కుట్టి దాచెడివారు. పరీక్షల వేళ మా చెల్లెలు వాని నొకటి పాఠ్యపుస్తకము చాటున పెట్టుకొని చదువుచుండగా మేము లాగికొని అటకపై పడవేసితిమి. అది మా పెద్దరికమని తలచితిమి.

ఏబది యేండ్లు గడచినవి. ఇతిహాసములను, ప్రబంధములను బీరువాలో నిలిపిన మేము సంతకము కన్నడములో చేయుదుము. అటకపై పడవేసిన ఆ కుట్టుపుస్తకము వెదకి మరల చదువుకొన్న మా చెల్లెలు నేటికిని పచారీ చిట్టాతో సహా అన్నియు తెలుగున వ్రాయును. భాషను నిలిపిన దెవరో వేరే చెప్పనక్కరలేదు.

మన కథలు పొరుగువారికిని ప్రియమైనవే. ప్రేమనగర్ 1971లో తెలుగున, 1972లో వసంత మాళిగై యను పేర తమిళమున, 1974లో హిందీలో చిత్రముగా వచ్చినది. మూడింటికిని దర్శకులు కె. ఎస్. ప్రకాశరావుగారే. మద్రాసులోను బొంబాయిలోను వానిని చూచి కన్నీరు కార్చిన వారిలో ఎందరికి అది ఒక తెలుగు వనిత వ్రాసినదని తెలియును?

నేడు ప్రేమకథలు చేతిఫోనులలోనికి చేరినవి. 2014లో బెంగుళూరున ప్రారంభమైన ప్రతిలిపి వంటి వేదికలయందు ధారావాహికలు దినదినము వెలువడుచున్నవి. మూస పెద్దగా మారలేదు. కోపిష్ఠి ధనవంతుడు కంపెనీ యజమాని యైనాడు. అపార్థమునకు తోడు ఒప్పందపు పెండ్లి వచ్చినది. నాయికకు మాత్రము జయంతి అభిమానము అన్ని కథలలోను కనబడుట లేదు. అది మాకు చింతయే.

అంతకు మించిన చింత మరొకటి కలదు. మా మనుమరాలు ఆ కథలను ఫోనులో వినును, చదువలేదు. తెలుగు చెవికి అందుచున్నది, కంటికి అందుట లేదు.

కావున సోదర కుటుంబములకు మా మనవి యిది. పిల్లలచే మొదటనే శతకములు వల్లె వేయింపనక్కరలేదు. వారి కంటబడుచోట నొక ప్రేమనవల నుంచుడు. తరువాత నేమగునో తెలిసికొను ఆతురతతో అక్షరములు కూడబలుకుకొందురు. అక్షరము వచ్చిన పిమ్మట మంచిచెడ్డలు వారే తేల్చుకొందురు. మేము మా మనుమరాలికి సెక్రటరీ ప్రతి నొకటి తెప్పించితిమి. ప్రతి సాయంకాలము రెండు పుటలు చదివించునది మా చెల్లెలు. మేము ప్రక్కన కూర్చుండి వినుచున్నాము.