నిఖ్రిస్: హకీమ్‌కు చెప్పాల్సిన సంగతి

యూరిక్ యాసిడ్ అనే మాట మన ఇళ్లలో కొత్తది. మర్జ్ మాత్రం చాలా పాతది. తిబ్బె యూనానీలో దాని పేరు నిఖ్రిస్. రాత్రికి రాత్రి కాలి బొటనవేలి జోడు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా కేక పెట్టించే దర్ద్ అది. వెయ్యేళ్ల కిందటే అల్ రాజీ దీని మీద విడిగా రిసాలా రాశాడు. ఇబ్నె సీనా సూరంజాన్‌ను దీనికి దవాగా చెప్పాడు. ఆ జాతి మొక్కల నుంచే 1820లో ఫ్రాన్సులో కాల్చిసిన్ తీశారు. నేటి డాక్టర్లూ అదే రాస్తున్నారు. (సూరంజాన్‌లో చేదు రకం జహర్. ఇంట్లో సొంత హికమత్ చేయకండి.)

ఈ రోగుల నెత్తురులో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటుందని లండన్ డాక్టర్ గారడ్ 1848లో చూపించాడు. షరాబు దాని తయారీని పెంచుతుంది, గుర్దాలు దాన్ని బయటికి పంపకుండా అడ్డుపడుతుంది కూడా. బీరులోనైతే ప్యూరిన్లు అదనం. 2004లో లాన్సెట్‌లో వచ్చిన అమెరికా పరిశోధన 47 వేల మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించింది. రోజుకు రెండు గ్లాసులు, ఆపైన బీరు తాగేవాళ్లకు నిఖ్రిస్ ముప్పు రెండున్నర రెట్లు ఉన్నట్టు తేలింది.

సత్యవేడులో మా ఫుప్పాకు ఈ మర్జ్ ఉంది. 1995లో మన వైపు మద్యనిషేధం వచ్చినా ఆయన అలవాటు ఆగలేదు, హద్దు దాటితే తమిళనాడేగా! ఇప్పుడు ఇంట్లో గోష్త్, కలేజీ, పాయా అన్నీ బంద్. గోష్త్‌కూ హిస్సా ఉంది, కాదనను. కానీ సీసా సంగతి డాక్టర్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పమంటే ఫుప్పూ, "మన ఇంటి మగాడు తాగుతాడని పరాయివాళ్ల ముందు ఎట్లా అనేది బేటా? ఇజ్జత్ ఏం కావాల?" అంది.

హరామ్ కనుక మనలో తాగేవాడే లేడన్నట్టు నడుచుకుంటాం. హకీములు అలా అనుకోలేదు. సేహత్‌కు వాళ్లు చెప్పిన ఆరు జరూరీ కారణాల్లో మాకూలాత్‌తో పాటు మష్రూబాత్ కూడా ఉంది. తినేదొక్కటే కాదు, తాగేదీ లెక్కే. జహంగీర్ బాద్‌షా రోజుకు 20 పియాలాల సారా తాగేవాడినని తన తుజుక్‌లో తానే రాసుకున్నాడు. చేతులు వణికి, పియాలా ఇంకొకరు పట్టి తాగించాల్సి వచ్చేదట. చివరికి హకీమ్ హుమామ్‌ను పిలిచి హాల్ అంతా చెప్పాడు. ఇలాగే ఆరు నెలలు సాగితే ఇలాజ్ ఉండదని హకీమ్ మొహం మీదే చెప్పేశాడు. బాద్‌షా పూర్తిగా మానలేదు గానీ, ఏడేళ్లలో ఆరు పియాలాలకు దిగాడు.