నంద్యాల కాగితాలు ఊటీ ఎక్కిన రోజులు

మహానంది కోనేరు ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా ఉంటుందని నంద్యాల వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆళ్లగడ్డ వాళ్లకు అహోబిలం ఉండనే ఉంది. కొండలకు కొదవ లేదు గానీ, వాటి మీద తేయాకు మాత్రం పండదు. నల్లమలలో ఎత్తైన శిఖరాలు కూడా సుమారు మూడు వేల అడుగుల దగ్గరే ఆగిపోతాయి. ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చేసే టేకు, వెదురు అడవి అది. తేయాకుకు తడీ చల్లదనం రెండూ కావాలి. అందుకే ఇక్కడి జనానికి టీ తోటల కొండ అంటే ఊటీయే. అయితే ఊటీతో ఈ సీమకున్న లంకె టూరిస్టు బస్సులతో మొదలైంది కాదు. ఊటీ అంటే చాలా కాలం ఇక్కడివాళ్లు చూడబోయే ఊరు కాదు, ఇక్కడి సంగతులు తేల్చే ఊరు.

నీలగిరుల్లో తోడా, బడగ, కోట జనం ఎప్పటి నుంచో ఉంటున్నారు. తెల్లదొరల చూపు అటు పడింది 1819లో, కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ కొండెక్కినప్పుడు. ఆ తరవాత మూడు నాలుగేళ్లకే ఆయన ఊటీలో రాతి బంగళా కట్టించుకున్నాడు. 1826లో ఆయన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి రాయలసీమకు బాగా తెలిసినవాడే: మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా గుర్రం మీద ఊరూరా తిరిగి, రైతు పేరున శిస్తు నిర్ణయించిన మనిషి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని నేటికీ కథగా చెప్పుకుంటారు. కొండల చల్లగాలి చూసివచ్చిన మరుసటి ఏడాదే, పాత మండలాలను ఆఖరుసారి చూసి పోదామని బయలుదేరిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

మన్రో చూసిన నీలగిరుల్లో ఇంకా తేయాకు లేదు. 1830ల్లో కేత్తిలోని సర్కారు తోటలో మొదట మొక్కలు నాటి చూశారు. వ్యాపారంగా తోటలు లేచింది 1850ల చివర్లో. తైషోలా ఎస్టేటు పుట్టుక 1859. ఆ రోజుల్లో సర్కారుకు టీ కన్నా ముఖ్యమైన పంట ఇంకొకటుంది, సింకోనా. దాని బెరడు నుంచే మలేరియా మందు క్వినైన్ వస్తుంది. 1860ల్లో దొడ్డబెట్టలోనూ నడువట్టంలోనూ సింకోనా తోటలు వేశారు. నడువట్టంలో వాటి పనికి చైనా ఖైదీలను తెచ్చి పెట్టారు, వాళ్ల కోసం జైలూ కట్టారు.

నంద్యాల వైపు గడపకు నీలగిరి తోటల నుంచి దిగివచ్చిన సరుకుల్లో అసలు అక్కరకొచ్చినది ఈ క్వినైనే. నల్లమల అంచు పల్లెలకు చలిజ్వరం పాత శత్రువు. అడవి జ్వరమంటే ఉద్యోగులు కూడా జంకేవాళ్లు. అదే క్వినైన్ తరవాత పోస్టాఫీసుల్లో చిన్న చిన్న కాగితం పొట్లాలుగా పైసల ధరకు అమ్ముడుపోయింది. టీ అలవాటైంది ఆ తరవాతెప్పుడో.

1870ల నాటికి మద్రాసు ప్రభుత్వం వేసవి రాగానే ఊటీ చేరడం ఏటేటి ఆనవాయితీ అయింది. గవర్నరూ, ఆయన సలహా మండలీ, సెక్రటేరియటు గుమాస్తాలూ, కాగితాల పెట్టెలూ అన్నీ కొండెక్కేవి. కర్నూలు నవాబుల పాలన 1839లోనే ముగిసింది. 1858 నుంచి కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా; నంద్యాల అప్పుడు అందులోదే. కాబట్టి నంద్యాల మండుతున్న నెలల్లో, నంద్యాల గురించిన పెద్ద నిర్ణయం ఏదైనా స్వెట్టర్లు వేసుకున్న వాళ్ల చేతుల్లో ఉండేదన్నమాట.

ఏలేవాళ్లకూ ఇక్కడి జనానికీ మధ్య ఈ దూరం ఎంత నొప్పి పెట్టేదో ధాత కరువు చూపించింది. 1876 నుంచి 1878 దాకా సీమను తిన్న ఆ కరువులో భారత ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులకొచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. దాంతో రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనిషి నిలబడే తిండి కాదని గట్టిగా ఎదురు చెప్పాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. 1871లో 9 లక్షల 14 వేలున్న కర్నూలు జిల్లా జనాభా 1881 లెక్కకు 6 లక్షల 78 వేలకు పడిపోయింది. ఊటీలో అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ కొత్త ప్రభుత్వ భవనం కట్టించిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే. దానిమీద వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

కాగితాల పెట్టెలు ఎక్కే ఆ కొండకు తరవాత రైలూ వచ్చింది: 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా ఎక్కింది. పట్టాల మధ్య పళ్ల కడ్డీ వేసి, ఇంజను కింది చక్రం దాన్ని పట్టుకుని పాకేలా చేశారు. లేకపోతే పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే ఆ ఎత్తు రైలుకు సాధ్యం కాదు.

1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూలుకు వచ్చింది. కొండ మీది బంగళాలు పోయి, ఎండలో డేరాల కింద ఆఫీసులు నడిచాయి. ఫ్యాన్లు చాలక గుమాస్తాలు ఎంత తిట్టుకున్నా, నంద్యాల రైతు అర్జీ పట్టుకుని పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరంలో సర్కారు ఉండటం నవాబుల తరవాత అదే మొదలు. మూడేళ్లకే అది హైదరాబాదు తరలింది, అది వేరే కథ.

అధికారం దిగిపోయాకే ఊటీ మనవాళ్లకు విహారమైంది. 1989లో మణిరత్నం ‘గీతాంజలి’ ఆ పొగమంచును తెలుగు ఇళ్లలోకి తెచ్చింది. ఇప్పుడు నంద్యాల కుటుంబాలు అనంతపురం, బెంగళూరు, మైసూరు మీదుగా పోతాయి. బండీపూర్ అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు గనక డ్రైవర్లు తెల్లారేసరికి గేటు దగ్గర ఉండేలా లెక్కేసుకుంటారు. గూడలూరు దాటాక వచ్చే నడువట్టం చుట్టూ ఇప్పుడు కనిపించేది తేయాకే. భారత్, శ్రీలంకల మధ్య 1964లో కుదిరిన ఒప్పందంతో అక్కడి నుంచి తిరిగొచ్చిన తమిళ కూలీల కోసం తమిళనాడు ప్రభుత్వం 1968లో సొంతంగా టీ తోటల పథకం మొదలుపెట్టింది; అదే నేటి టాన్‌టీ సంస్థ. పిల్లలు ఫొటోలు దిగే తోటల వెనక ఆ కూలీల కథ ఉంది. మనవాళ్లు వర్కీ బిస్కట్లూ, నీలగిరి తైలమూ, అరకిలో టీ పొడీ కొనుక్కుని దిగుతారు. 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది గనక, వేసవి సెలవుల్లో బయలుదేరేవాళ్లు ముందు ఫోనులో ఆ పని చూసుకోవాలి.