తోటలో దవా, ఇంట్లో జహర్

మా నానీ మేడ్చల్ దగ్గర అంగూర్ తోటల్లో మజ్దూరీ చేసింది. సాయంత్రం వాకిట్లో ఆమె కనబడగానే నేను ఉరికేవాణ్ని. "దగ్గరికి రాకు బేటా, ఒంటి మీద జహర్ ఉంది" అనేది. బట్టలు విడిగా నానబెట్టి, సబ్బుతో గుసుల్ చేశాకే నన్ను ఎత్తుకునేది. అదే నానీ మాలిక్ ముందు దాన్ని జహర్ అనేది కాదు. అక్కడ అది దవా. తెలుగులో మందు. ఒకే డబ్బాకు రెండు పేర్లెందుకో నాకు చాలా ఏళ్లకు గానీ సమజ్ కాలేదు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు అప్పట్లో అంగూర్ పందిళ్లు చాలా ఉండేవి. పేరున్న రకం అనాబెషాహి, అంటే షాహీ ద్రాక్ష. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాఖర్ ఖాన్ దాన్ని హైదరాబాద్‌కు తెచ్చారని ఉద్యాన పుస్తకాలు చెబుతాయి. పేరు బాద్షాలది, చెమట మజ్దూర్లది. తీగకు బూజు తెగులు వస్తే నీలా తోతా, సున్నం కలిపి కొట్టేవాళ్లు. 1885 నాటికి ఫ్రాన్స్‌లో మిలార్డే కనిపెట్టిన ఇలాజ్ అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంకా ఘాటైన రసాయనాలు వచ్చాయి. పందిరి నెత్తి మీద ఉంటుంది కాబట్టి, పైకి కొట్టిన మందు కొట్టినవాళ్ల మొహం మీదే పడేది.

1958లో కేరళలో పారథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని 100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 1968లో కీటకనాశకాల చట్టం వచ్చింది. డబ్బాల మీద రంగు త్రికోణాలు వచ్చాయి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ఖత్రా లేదని కాదు, తక్కువ అని మాత్రమే.

ఆ రంగుల మతలబ్ నానీకి ఎవరూ చెప్పలేదు. వాసనే ఆమెకు లేబుల్. గాలికి ఎదురు నిలబడేది కాదు. మూతికి దస్తీ కట్టేది. చేతులు కడగకుండా రొట్టె ముట్టేది కాదు. ఇంటికొచ్చి మజ్జిగ తాగేది. వీటిలో కడుక్కోవడం, బట్టలు విడిగా ఉతకడం ముమ్మాటికీ సరైనవి. ఎందుకంటే ఈ విషం చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. కానీ మజ్జిగ విరుగుడు కాదు. తడిసిన దస్తీ విషాన్ని మొహానికే అంటిపెడుతుంది.

ఒకసారి తోటలో చక్కర్ వచ్చి కూలబడిందట. మాలిక్‌కు ఎండదెబ్బ అని చెప్పిందట. "నిజం ఎందుకు చెప్పలేదు నానీ?" అని అడిగాను. "చెబితే రేపు పనికి ఎవరు పిలుస్తారు బేటా?" అంది.

పనివాళ్లకు అవగాహన లేదని చదువుకున్నవాళ్లం సులువుగా అనేస్తాం. మా నానీకి అది జహర్ అని బాగా తెలుసు. ఆ మాట తోటలో అనే హిమ్మత్‌ను ఆనాటి కూలీ డబ్బులు కొనేశాయి.

ఇప్పుడు ఆ అంగూర్ తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. అయినా కూరగాయల చేలల్లో మందు కొట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పనికి పోతుంటే డబ్బా మీది రంగు ఏమిటో చదివి చెప్పండి. విపరీతంగా చెమట, నోట్లో చొంగ, మసక చూపు, చక్కర్ కనబడితే ఆలస్యం చేయకుండా, డబ్బా లేబుల్‌తో సహా దవాఖానాకు తీసుకుపోండి. ఏ విషమో తెలిస్తే డాక్టర్ పని తేలికవుతుంది.

జహర్‌ను జహర్ అని తోటలోనే చెప్పి, మర్నాడు కూడా పనికి పోగలగాలి. మా నానీకి దక్కని హక్ అదే.