సోడాకు జోడు పులుపు

మొన్న మా అమ్మాయి పుట్టినరోజు కేకులో బేకింగ్ పౌడరు వేయవలసిన చోట, అంతే కొలతకు వంటసోడా వేశాను. రెండూ తెల్లని పొడులే, రెండూ ఒకే అరలోనివే. కేకు ముదురురంగుకు తిరిగి సబ్బు రుచి కొట్టింది. పిల్ల నా మొహం చూసి ఒక ముక్క తిని ఊరుకుంది. ఈ పొరపాటుకు విరుగుడు వెతకబోతే, అది చరిత్రలో దొరికింది.

ఈస్టుతో పిండి పొంగడానికి గంటలు పడుతుంది. ఆ నిరీక్షణ తప్పించడానికి అమెరికా గృహిణులు కట్టెల బూడిదనుండి తీసిన పెర్ల్ యాష్ అనే క్షారాన్ని వాడేవారు. 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో దాని ప్రస్తావన ఉంది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనేవారు న్యూయార్కులో వంటసోడా వ్యాపారం ప్రారంభించారు. అయితే సోడా ఒంటరిగా సరిగా పనిచేయదు. పులుపు తగిలితేనే బొగ్గుపులుసు వాయువు బాగా పుట్టి పిండి పొంగుతుంది. ఆ పులుపు పులిసిన పాలనుండి వచ్చేది. ఏనాటి పాలు ఎంత పులిశాయో కొలిచేదెలా? పులుపు చాలనినాడు మిగిలిపోయిన సోడా కేకును చేదు చేసేది. అంటే నా పొరపాటు ఆ వంటిళ్ళకు కొత్తది కాదన్నమాట!

ఇంగ్లాండులో అప్పటికే దీనికి పరిష్కారం ఉంది. బర్మింగ్‌హామ్ రసాయనజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్య ఎలిజబెత్‌కు ఈస్టు పడదు. ఆమెకోసం ఆయన 1843లో సోడాను, పొడి ఆమ్లాన్ని ముందే కొలిచి, తడి తగలకుండా పిండిపదార్థంతో కలిపాడు. అదే బేకింగ్ పౌడరు. 1856లో హార్వర్డు ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్, ద్రాక్షసారా పీపాలలో పేరుకొనే క్రీమ్ ఆఫ్ టార్టార్‌కు బదులుగా కాల్షియం ఫాస్ఫేటు ఆమ్లానికి పేటెంటు పొందాడు.

విరుగుడు ఇక్కడే ఉంది. సోడా, బేకింగ్ పౌడరు కంటే మూడు నాలుగు రెట్లు బలమైనది. చెంచాడు పౌడరుకు బదులు పావుచెంచా సోడా, అరకప్పు పుల్లమజ్జిగ చాలు. ఆ మేరకు పాలు తగ్గించాలి. సోడా ఎక్కువ పడిపోతే తీయలేము. ఓవెనులో పెట్టకముందే గుర్తిస్తే, మిగిలిన దినుసులన్నీ నాలుగింతలు చేసి, తగిన పులుపు కలపాలి. ఒక కేకు నాలుగవుతుంది, అంతే.

మా అమ్మ పుల్లమజ్జిగ అట్ల పిండిలో చిటికెడు సోడా వేసేది. ఎందుకని నేనెన్నడూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పుట్టినరోజు కేకు దక్కేది.